నెమ్మదించిన గొంతు

చనిపోయినవాళ్ల గొంతులు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ నెట్ మీదే పలుకుతాయి. వారం రోజులుగా నెట్ నెమ్మదించి, భుజంగరావు మాస్టారి చనిపోయిన భార్య గొంతు "మాత్ర వేసుకున్నా..." దగ్గరే ఆగిపోతోంది. పైవాటా వాళ్లే తన నెట్ దొంగతనంగా వాడుకుంటున్నారని ఆయన అనుమానం. వాళ్లతో పలకరింపులు మానేశారు, పాస్‌వర్డ్ కూడా మార్చారు. చివరికి మెకానిక్ ఖాదర్ వచ్చి నెట్ పెట్టె పరీక్షించి చూశాడు.

"పైవాళ్ల తప్పేం లేదు సార్. మీ ఇంట్లోనే ఇంకో ఫోన్లో కూడా అమ్మగారు మాట్లాడుతున్నారు. అది తీసేస్తే మీది సాఫీగా వస్తది. తీసెయ్యనా?"

మాస్టారు కూతురి గది వైపు చూశారు. "అది అమ్మ కాదు నాన్నా, ఆపెయ్యండి" అని రోజూ పోట్లాడే హిమజ, మూసిన తలుపు వెనక మెల్లిగా అడుగుతోంది: "చారులోకి చింతపండు ఎంతమ్మా?"

"వద్దు," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "అమ్మాయి అడిగితే కేబుల్ పాతబడిందని చెప్పు."