నిలబడిన చక్రం

1949 జూలై 12, మంగళవారం. ఉదయం పదిన్నరకు బెంగళూరు చిక్కపేటలో ఓబళప్ప పది ట్యూబులైట్లు కొన్నాడు. ఒక్కో ట్యూబుకు ఒక చోకు కావాలి. పది చోకులు ఎంచుకొన్నాడు. పదీ ఒకే రకం.

ఓబళప్పకు కబ్బన్‌పేటలో పట్టునూలు మెలిపెట్టే కార్ఖానా ఉంది. ఒక షెడ్డు, ఒక యంత్రం, దాన్ని నడిపే ఒక చక్రం.

అంగడి గుమ్మం దగ్గర ఖాకీ కోటు వేసుకొన్న మనిషి ఒకడు చోకుల పెట్టెలోకి తొంగి చూశాడు.

“అప్పా, పదీ ఇవే వద్దు. ఇవి ఐదు, కండెన్సరు ఉండేవి ఐదు తీసుకోండి.”

“ఏమి, వెలుగు జాస్తి వస్తాదా?”

“వెలుగు అంతే. ట్యూబు రెప్పపాటులో ఎన్నోసార్లు ఆరి వెలుగుతాది. అన్నిటికీ ఒకే చోకులైతే అన్నీ ఒక్కసారే ఆరతాయి. రెండు రకాలైతే ఒకటి ఆరేటప్పుడు ఇంకొకటి వెలుగుతా ఉంటాది.”

“ఆరితే నా కంటికి కనపడాల గదా?”

“కంటికి కనపడదు. చక్రానికి కనపడతాది.”

ఓబళప్ప నవ్వాడు. “కండెన్సరుది ధర ఎక్కువ. అందులో నీకెంత ముడతాది?”

ఆ మనిషి పెట్టె ఎత్తుకొన్నాడు.

“బిగించేది నేను బిగిస్తాను. పదండి.”

అతన్ని అంగడివాళ్ల మనిషి అనుకొన్నాడు ఓబళప్ప. ఓబళప్ప మనిషి అనుకొన్నాడు అంగడి యజమాని.

బుధవారం మధ్యాహ్నం ఆ మనిషి ఒకసారి బయటికి పోయి సంచితో తిరిగి వచ్చాడు. నాలుగు గంటలకు పని ముగించాడు.

పక్క షెడ్డు మునిస్వామిది. అతనూ అదే రోజు పది ట్యూబులైట్లు వేయించాడు.

గురువారం తెల్లవారింది మొదలు వాన. షెడ్లలో మసక. రెండు చోట్లా దీపాలు వేశారు.

మునిస్వామి చక్రం తిరుగుతూ తిరుగుతూ నిలబడింది.

దాని ఆకులు లెక్కపెట్టవచ్చు. పన్నెండు. నూలు సాగుతోంది, కండెలు నిండుతున్నాయి, చక్రం మాత్రం కదలడం లేదు. కాసేపటికి అది వెనక్కి నడిచింది. మళ్లీ నిలిచింది. వీధిలోవాళ్లు వచ్చి వానలో నిలబడి చూశారు. ఒక ముసలామె చెప్పులు విడిచింది.

“చౌడేశ్వరమ్మ వచ్చి పట్టుకొని ఉండాది” అంది మునిస్వామి భార్య నంజమ్మ.

ఓబళప్ప చక్రం ఎప్పటిలా గిర్రున తిరుగుతోంది.

“ఏమిరా ఓబళా, అమ్మవారు మన గడప తొక్కలేదే?” అంది అతని అక్క కదిరమ్మ. యంత్రం నడిపేది ఆమే. “దీపాలు కొన్నావా, గుమ్మడికాయలు కొన్నావా?”

బిగించిన దీపాలు చూడడానికి వచ్చిన ఖాకీ కోటు మనిషి మునిస్వామి దగ్గరికి పోయాడు.

“అప్పా, అది నిలబడలేదు. తిరగతానే ఉండాది. రేపు శుక్రవారం. ఎవరూ చెయ్యి పెట్టకుండా చూడండి. ఐదు చోకులు మార్చండి.”

“దేవి నిలిపిన దాన్ని నువ్వు తిప్పతావా? పోవయ్యా!”

అతను ఓబళప్ప దగ్గరికి వచ్చాడు. “మీరు చెప్పండప్పా. మీ మాటైతే వింటాడు.”

ఆ వీధిలో ప్రతి శుక్రవారం బెల్టు తప్పించి, చక్రం నిలిచాక దానికి బొట్టు పెడతారు. అది ఓబళప్పకు తెలుసు.

“వీధిలో నన్ను నగుబాటు చేసింది చాలదా?” అన్నాడు ఓబళప్ప. “సుమ్నే, ఊరికే వచ్చి మాటలు చెప్పొద్దు. పో.”

ఆ మనిషి వానలో వెళ్లిపోయాడు. కూలి అడగలేదు.

జూలై 15, శుక్రవారం. వాన తగ్గలేదు, దీపాలు వేసే ఉన్నాయి, మునిస్వామి చక్రం నిలబడినట్టే ఉంది. ఉదయం ఏడూ పదికి నంజమ్మ కుంకుమ భరిణెతో చక్రం దగ్గరికి వచ్చింది.

“బెల్టు తప్పిస్తానుండు” అన్నాడు మునిస్వామి.

“అమ్మవారే పట్టుకొని ఉంటే బెల్టు ఎందుకు?”

ఆమె చెయ్యి చాపింది. కుడి చేతి మూడు వేళ్లు పోయాయి.

కేక వినపడినప్పుడు పక్క షెడ్డులో కదిరమ్మ కుంకుమ పట్టుకొని నిలబడి ఉంది. బెల్టు తప్పించింది. చక్రం తిరగడం ఇంకా కనపడుతోంది. అది నిలిచేదాకా కాచుకొని ఉంది.

మధ్యాహ్నం ఓబళప్ప నిచ్చెన వేసి తన షెడ్డులో దీపాలు విప్పాడు. ఐదింటికి తాను కొన్న చోకులు ఉన్నాయి. ఐదింటికి కండెన్సరువి ఉన్నాయి. వాటి మీద తెల్ల రంగుతో రాసి ఉంది: గురప్ప సిల్కు మిల్లు, ఆనేకల్. తాను కొన్నవాటిలో మిగిలిన ఐదు, మూలనున్న పెట్టెలో దొరికాయి.

చిక్కపేట అంగడికి పోయి అడిగాడు.

“మా మనిషి కాదప్పా” అన్నాడు యజమాని. “మీ మనిషి అనుకొంటిమి.”

ఆదివారం ఓబళప్ప బస్సులో ఆనేకల్ వెళ్లాడు. మిల్లుకు తాళం వేసి ఉంది. వెనక ఇంట్లో ఒకామె ఉంది.

“గురప్ప ఉండారామ్మా?”

“మా ఆయన బెంగళూరులో ఉండారప్పా. ట్యూబులైట్లు అమ్మే అంగళ్ల ముందర నిలబడతారు. కొనేవాళ్లకు చెప్తారు. వినేవాళ్లు వింటారు. కూర్చో, నీళ్లు తాగు.”

ఆమె చెంబు ఎడమ చేత్తో అందించింది.

“తప్పుగా అనుకోవద్దప్పా” అంది. “పోయినేడు మా చక్రానికి బొట్టు పెట్టబోయి కుడి చెయ్యి పోగొట్టుకొంటిని. ఆ మిల్లుకు దీపాలు, అన్నీ ఒకే రకం చోకులు ఏరి తెచ్చింది మా ఆయనే.”