శనివారం చుట్టం

“ఆ ముక్క నాది!”

కోడి తొడ బ్లేడుగాడి కంచంలో పడటం చూసి పాస్టరుగారి కొడుకు అరిచాడు. పదిహేడేళ్లొచ్చి ముక్క కోసం అరిచినందుకు వాడికే సిగ్గేసింది. కానీ కడుపుమంట సిగ్గుని లెక్కచేస్తుందా? ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ ఇంట్లో కోడి తొడ వాడిదే. ఎండాకాలం నుంచీ శనివారాలు మాత్రం బ్లేడుది అయిపోయింది.

“ఇంటికొచ్చినవాళ్లకి పెట్టాలిరా,” అంది పాస్టరమ్మ.

“తమ్ముడికే వెయ్యండమ్మా,” అంటూ బ్లేడు కంచం ముందుకు జరిపాడు.

“నీ ఎంగిలి నాకక్కర్లేదు. ఇక్కడ తమ్ముడెవడు?”

బ్లేడంటే ఒకప్పుడు బస్టాండులో జేబులు కోసినవాడు. ఇప్పుడు టైర్ల షాపులో పంక్చర్లు వేస్తున్నాడు. చేతులు నల్లబడ్డాయి గానీ పేరు ఇంకా తెల్లబడలేదు.

దారి తప్పిన కుర్రాళ్ల కోసం పాస్టరుగారి చర్చిలో ఒక ఏర్పాటుంది. ఒక్కొక్కరికీ ఒక తోడన్న ఉంటాడు, ఆ కుర్రాడు అతనికి తమ్ముడు. శనివారం మధ్యాహ్నం తోడన్నే తమ్ముడి ఇంటికి వెళ్లాలి. ఆ ఇంట్లో ఏది వండితే అది తిని, ప్రార్థన చేసి రావాలి. తమ్ముడు తిట్టినా, ముఖం మీదే తలుపేసినా వెళ్లడం మానకూడదు. తమ్ముణ్ని మాత్రం తనింటికి పిలిపించుకోకూడదు. ఈ నియమం పెట్టింది పాస్టరుగారే.

ఆయనే దాన్ని తుంగలో తొక్కారన్నది కొడుకు బాధ. ఇన్నాళ్లూ ఆయన రేకుల షెడ్లకీ, మురిక్కాలవ పక్క గదులకీ వెళ్లొచ్చేవారు. అది ఎలాగో భరించాడు. ఈ బ్లేడు ఏకంగా ఇంట్లోకే వచ్చి కూర్చున్నాడు. నాన్న పక్క కుర్చీ బ్లేడుది. నాన్న పాత గిటారు బ్లేడుది. మొన్న అమ్మ చెవి కమ్మలు కనపడక ఇల్లంతా తిరగేశారు గానీ, ఒక్కరైనా బ్లేడు పేరెత్తారా? అంత నమ్మకమేమిటో!

పాస్టరుగారి కుర్రాడి ఫోను మోగింది. వంతెన కింది జట్టు. కట్ చేశాడు.

“సాయంత్రం వంతెన కిందకేనా తమ్ముడూ?” బ్లేడు మెల్లగా అడిగాడు.

“నువ్వేమైనా సీఐడీవా?”

“కాదు. నేనూ అక్కడే తిరిగాను. అందుకని అడిగా.”

“అయితే నువ్వే వెళ్లు మళ్లీ.”

పాస్టరుగారు లేచి, వాచీ తీసి బేసిన్ పక్కన పెట్టి చేయి కడుక్కున్నారు. ఎప్పట్లాగే దాన్ని అక్కడే మరిచిపోయి ముందుగదిలోకి నడిచారు. బ్లేడు కంచాలన్నీ ఎత్తుకుని పాస్టరమ్మ వెనకాలే వంటింట్లోకి వెళ్లాడు. కాకాపట్టడంలో వీడి తర్వాతే ఎవరైనా అనుకుని కుర్రాడు పళ్లు కొరికాడు. గుమ్మం పక్కన మేకుకి బ్లేడు సంచి వేలాడుతోంది. కుర్రాడి బుర్రలో దీపం వెలిగింది.

నలుగురూ ప్రార్థనకి కూర్చున్నారు.

“నాన్నా, నీ వాచీ ఏది?”

“బేసిన్ దగ్గరుంటుందిలే.”

“లేదు. ఇప్పుడే చూశాను. సంచులు వెతుకుదామా? అయినా ఇక్కడ ఉన్నది ఒకే సంచి!”

“నోర్ముయ్‌రా,” అంది పాస్టరమ్మ. ఆమె ముఖం పాలిపోయింది.

బ్లేడే లేచి సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ట్యూబు ముక్క, నూనె గుడ్డ, వాటి మధ్య వాచీ. అతను వాచీ వైపు చూశాడు. తర్వాత కుర్రాడి వైపు చూశాడు. కుర్రాడు గబుక్కున చూపు తిప్పుకుని కిటికీలోంచి వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు.

“నేనే తీశానండీ అయ్యగారూ,” అన్నాడు బ్లేడు.

కుర్రాడు బిత్తరపోయాడు. ఒట్లు పెట్టుకుంటాడనీ, ఏడుస్తాడనీ అనుకున్నాడు. ఏ సమాధానం వస్తే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాడు, ఈ ఒక్కదానికి తప్ప. గెలిచినందుకు సంతోషం రావాలి కదా, రాలేదు. అయినా పట్టు వదల్లేదు.

“చూశావా నాన్నా! పంపెయ్ వీణ్ని. మళ్లీ మన గుమ్మం తొక్కనివ్వకు!”

పాస్టరుగారు వాచీ ముట్టుకోలేదు. బ్లేడు భుజం మీద చెయ్యేశారు.

“ఇంత జరిగాక కూడా వస్తావా బాబూ?”

“వస్తానండీ. మీరు నా కోసం రాలేదా? ఎన్నిసార్లు తలుపేశాను!”

“మళ్లీ రావడమేంటి?” కుర్రాడికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇక దాచుకోలేదు. “నీకెప్పుడూ తప్పిపోయిన గొర్రెలే కావాలి. ఇంట్లో ఉన్న గొర్రె గడ్డి తిందో లేదో నీకెందుకు? అందరిళ్లకీ నువ్వే వెళ్తావు. వీడొక్కడి కోసం నియమం ఎందుకు మార్చావు నాన్నా?”

పాస్టరుగారు కొడుకు తల మీద చెయ్యి వేయబోయి ఆగిపోయారు.

“నియమం మారలేదురా. ఇప్పుడు అతనే తోడన్న. ఎండాకాలం నుంచీ తన తమ్ముడి ఇంటికి వస్తున్నాడు.”