ఫ్యాక్టరీలో పోసిన ఆయిలు

“ఒరెస్తే గారు ఔనంటే ఔను, కాదంటే కాదు. ఇంకెవర్నీ అడిగేది లేదు,” అన్నాడు కారు కొందామని మిలాన్ నుంచి వచ్చిన లాయరు.

ఒరెస్తే ఆ పొగడ్తను పట్టించుకోలేదు. పొగడ్తలంటే అతనికి చులకన. పొగిడేవాళ్ళంటే మరీ చులకన.

షెడ్డులో పసుపు రంగు స్పోర్ట్స్ కారు ఉంది. 1997లో ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఈ మోదెనా ఊరి శివారుకు వచ్చింది. నలభై ఒక్క కిలోమీటర్లు తిరిగింది. అంతే. ప్రీమో జిబెల్లీని అనే ఆయన మోజుపడి కొన్నాడు, నడపడానికి మనసొప్పక దాచుకున్నాడు. మొన్న మార్చిలో పోయాడు. ఇప్పుడు అమ్మకానికి పెట్టింది అతని తమ్ముడు లియార్కో. నేలమీద పరిచే పలకల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి.

ఇలాంటి కార్లు కొనేవాళ్ళకు ఒక పిచ్చి ఉంది. ఇంజన్లోనూ, గేర్‌బాక్సులోనూ ఫ్యాక్టరీవాళ్ళు మొదట పోసిన ఆయిలే ఇంకా ఉండాలి. ఉంటే అది పూజావస్తువు. ఒక్కసారి మార్చారా, పాత కారు. ఆ సంగతి తేల్చడానికి ఇరవై ఆరేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఒకే ఒక్క ముక్కు. ఒరెస్తేది.

“ల్యాబుకు కూడా పంపుదామా?” అన్నాడు లాయరు.

“పంపండి. ఆయిల్లో ఏముందో చెబుతారు. ఎవడు పోశాడో చెప్పరు. అది తెలిస్తే నాతో పనేముంది?”

లాయరు నాలిక కరుచుకున్నాడు.

అటక మీద వరసగా వెనిగర్ పీపాలున్నాయి. లియార్కో వాటివైపు చూసి నొచ్చుకున్నాడు.

“మాస్టారూ, ఈ పులిసిన వాసన మీ పనికి అడ్డమేమో. కారు బయటికి తోయించమంటారా?”

“నా ముక్కు సంగతి నేను చూసుకుంటాను. మీ కారు సంగతి మీరు చెప్పండి.”

“చెప్పడానికేముంది! మా అన్న దాని మూత కూడా తిప్పలేదు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. ‘ఎవడడిగినా తలెత్తి చెప్పరా, ఫ్యాక్టరీ చుక్క ఫ్యాక్టరీ చుక్కలాగే ఉంది’ అని. డబ్బు ఎంతొస్తే అంత. వాడి మాట నిలబడితే నాకదే చాలు.”

ఒరెస్తే పెదవి విరిచాడు. చచ్చినవాళ్ళ మాటలు అమ్ముకునేవాళ్ళను అతను చాలామందిని చూశాడు.

సిరంజికి సన్నటి గొట్టం తగిలించి ఇంజన్ ఆయిలు లాగి గాజుగ్లాసులో పోశాడు. తేనెరంగు. తరవాత గేర్‌బాక్సు నట్టుకు పానా వేసి బలంగా తిప్పాడు. నట్టు ఎవరూ విప్పలేదని తెలిసేలా ఫ్యాక్టరీవాళ్ళు దానిమీద పెట్టిన తెల్లరంగు గుర్తు పెళుసుగా పగిలి పొడిపొడిగా రాలింది. ఇక అది మళ్ళీ అతుక్కునేది కాదు.

“చూశారా మాస్టారూ, ఎన్నేళ్ళ రంగో!” అన్నాడు లియార్కో ఆశగా.

“రంగు బజార్లో దొరుకుతుంది.”

గేర్‌బాక్సు ఆయిలు గ్లాసులో పడగానే షెడ్డంతా గంధకం కంపు. లాయరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. లియార్కో మొహం తిప్పుకున్నాడు. ఒరెస్తే మాత్రం కళ్ళు మూసుకుని, గ్లాసులోకి వంగి, గుండెనిండా పీల్చాడు. కనుబొమ కూడా కదల్లేదు.

“అబ్బ! సాధనంటే అదీ,” అన్నాడు లాయరు రుమాలు వెనక నుంచి.

ఒరెస్తే గ్లాసు లియార్కో చేతిలో పెట్టాడు. అతని పద్ధతే అంత. ముందు అమ్మేవాడు నోరు విప్పాలి.

“మీరు చెప్పండి.”

“నేనా? నాకేం తెలుస్తుంది మాస్టారూ?”

“ముక్కుందిగా?”

లియార్కో భయంభయంగా వాసన చూశాడు. “కుళ్ళిన గుడ్డులా... లోపల ఇంకేదో...” పెదవులు తడుపుకున్నాడు. లాయరు వంక చూశాడు. మళ్ళీ ఒరెస్తే వంక చూశాడు.

నిజం చెప్పేవాడికి ఎదుటివాడి మొహంతో పనేమిటి? ఒరెస్తేకు ఒక్కసారిగా విసుగొచ్చింది. మనుషులు ఇంత తేలిగ్గా ఎందుకు దొరికిపోతారు?

“మార్చారు,” అన్నాడు. “ఇంజన్‌దీ, గేర్‌బాక్సుదీ. రెండూ.”

“లేదు మాస్టారూ! మా అన్న...”

“ఏమయ్యా, ఇరవై ఏడేళ్ళూ ఈ షెడ్డు గుమ్మంలో పడుకున్నావా?”

“లేదు. కానీ...”

“మరింకేం? ఇది సూపర్‌మార్కెట్టు సరుకు. ముక్కున్న కుక్కనడిగినా చెబుతుంది.”

లాయరు కోటు గుండీలు పెట్టుకున్నాడు. “బతికించారు ఒరెస్తే గారూ. నిండా మునిగేవాణ్ణి,” అంటూ లియార్కోకేసి చూడకుండానే బయటికి నడిచాడు.

లియార్కో గ్లాసు కింద పెట్టాడు. వంగి నేలమీద రాలిన తెల్లపొడిని వేలితో అద్దుకున్నాడు.

“నా చెయ్యి పట్టుకుని చెప్పాడు మాస్టారూ. ప్రాణం పోతూ కూడా...”

“పోయేటప్పుడే ఎక్కువ చెబుతారు.”

“వాడి మీద ఒట్టేసి ఊరంతా చెప్పుకున్నాను.” లియార్కో నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “దొంగ వెధవ,” అన్నాడు మెల్లగా, పోయిన అన్నను.

ఒరెస్తే సామాను సర్దుకుని తన కారెక్కాడు. పొగమంచులో ద్రాక్షతోటలు వెనక్కి పోతున్నాయి. ఇలాంటివాళ్ళ మీద జాలి కూడా దండగే అనుకున్నాడు.

రెండేళ్ళ కిందటి చలికాలం జ్వరంతో మంచాన పడి లేచిన నాటినుంచి, అతనికి ఏ వాసనా తెలియడం లేదు.