నలభయ్యో ఇల్లు

"ఈ నలభయ్యో ఇంటి సంగతేంటి సార్?" అంది హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేడం.

సర్వేయర్ కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్లీ సర్దాడు.

కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ ఎన్ని నీళ్లు మిగులుస్తుందో తేల్చడం అతని పని. ముప్పై తొమ్మిది ఇళ్లవాళ్లను కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. నలభయ్యో ఇల్లు మాత్రం అడగ్గానే ఒప్పుకుంది. ప్రతి కుళాయికీ, ఏ వేళకెన్ని నీళ్లు పోయాయో నమోదుచేసే మీటరు పెట్టాడు. రిపోర్టులో పేర్లుండవు, అంకెలే. అంకెలంటే అతనికి ప్రాణం. అవి ఎదురు ప్రశ్నలు వెయ్యవు.

మిగతా అన్ని ఇళ్లలోనూ వాడకం మూడో వంతు తగ్గింది. నలభయ్యో ఇంట్లోనూ రెండు నెలలు బుద్ధిగా తగ్గి, మూడో నెల ఎగబాకింది.

"వంటింటి కుళాయి చూడండి. రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి రెండూ నలభై దాకా ధారగా పోతోంది. పైగా ఇంట్లో నలుగురని రాసి, కొట్టేసి, ముగ్గురని దిద్దారు. మనిషి తగ్గితే నీళ్లు తగ్గాలి గానీ పెరగడమేంటి?"

"దిద్దింది నేనే."

"నేనడిగేది అది కాదండీ. కారణమైనా రాయండి, ఆ ఇంటిని లెక్కలోంచైనా తీసేయండి. సాయంత్రానికి రిపోర్టు వెళ్లాలి."

"తియ్యను" అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"అయితే వెళ్లి అడగండి. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

అదే అతనివల్ల కాని పని. ఈ నెలలో ఎన్నిసార్లు అడగబోయి ఆగిపోయాడో. ఫ్యాను వేశాడు. ఆపాడు. కుర్చీలో ముళ్లమీద కూర్చున్నట్టుంది. చివరికి చెప్పులేసుకున్నాడు.

రెండూ పది. తలుపు దగ్గరగా వేసుంది. హాల్లో పెద్దావిడ కుర్చీలో కునుకు తీస్తోంది. అలికిడికి ఓ కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది. వంటింట్లో నీళ్ల హోరు.

మీటర్లు చూసేవాడికి వంటిళ్లు కొత్త కాదు. అయినా గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. సింకు ముందు ఆ ఇంటావిడ అటు తిరిగి నిలబడి ఉంది. చెయ్యి దేన్నీ కడగడం లేదు. కిటికీ గట్టుమీద ఊడదీసిన జల్లెడ. సింకు కింద, చిన్నపిల్లలు ఎక్కి చేతులు కడుక్కునే పీట.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. కుళాయి కట్టేసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"జల్లెడ తీసేస్తే ఎలా?" అన్నాడు. ఇంకేం అడగాలో తోచలేదు.

"అదుంటే నీళ్లు చప్పుడు చెయ్యట్లేదు."

"చప్పుడెందుకు?"

"హాల్లోకి నా ఏడుపు వినపడకుండా."

అతను జల్లెడ చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె అరచేత్తో మొహం తుడుచుకుని, అతనివైపు చూసి అంది:

"మన పాప పోయాక మీరు పగటిపూట ఇంటికి రావడం ఇదే మొదటిసారండీ."