ఉస్తెద్ అంటే మీరు

అర్పిత కళ్ళు మూసుకుని గొణుక్కుంటోంది.

"యో కోమో... నేను తింటాను. తూ కోమెస్... నువ్వు తింటావు. ఎల్... ఎల్..."

ఆగిపోయింది. బంగారు గనుల ఊరు మారికుప్పంలో రైలు ఇంకా కదలలేదు.

"ఏమమ్మా, పరీక్షా?"

ఎదుటి సీటులో ముసలాయన. గొంతు మరీ పెద్దది. పెట్టెలో అందరూ తిరిగి చూశారు.

అర్పిత సిగ్గుపడుతూ తలూపింది.

బెంగళూరులో ఆమె పనిచేసే కాల్‌సెంటర్‌కు స్పెయిన్ నుంచి కొత్త పని వచ్చింది. స్పానిష్ మొదటి పరీక్ష గట్టెక్కినవాళ్ళకే ఉద్యోగం. మిగతావాళ్ళు ఇంటికి. అర్పిత ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

క్లాసులో సార్ లేపితే చాలు, వచ్చిన ముక్క కూడా గొంతులోనే ఉండిపోయేది.

"నాకు చెప్పమ్మా," అన్నాడు ముసలాయన, ముందుకు వంగి ఆమె ముఖంలోకే చూస్తూ.

"స్పానిష్ తాతా. యో అంటే నేను. తూ అంటే నువ్వు. ఎల్ అంటే ఆయన."

"అర్థం కాలేదమ్మా. ఇంగోసారి చెప్పు."

మళ్ళీ చెప్పింది.

"అర్థం కాలేదమ్మా."

మరునాడూ ఆయన అదే సీటులో ఉన్నాడు. ఆ మరునాడూ.

"తింటాను, తింటావు, తింటాడు. మనకి చివర మారతా ఉండాది కదా తాతా? వాళ్ళకీ అంతే. కోమో, కోమెస్, కోమె. తింటాను అంటే చాలు, నేను అనకపోయినా తెలుస్తాది. వాళ్ళూ యో అనేదాన్ని వదిలేస్తారు."

చెప్పి, తనే ఒక్క క్షణం ఆగింది. సార్ ఎన్నిసార్లు చెప్పినా ఇది తన తలకెక్కలేదు.

"ఇంగోసారి చెప్పమ్మా."

అసలు చిక్కు ఉస్తెద్ దగ్గర వచ్చింది.

"ఉస్తెద్ అంటే మీరు. మర్యాద. కానీ దాని పక్కన ఆయనకి వచ్చే క్రియే వస్తాది. ఉస్తెద్ కోమె. ఎందుకో నాకే తెలీదు తాతా."

"అర్థం కాలేదమ్మా."

అర్పిత కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"గని దొర మీ ఎదురుగానే నిలబడినాడనుకోండి. నువ్వు తింటావా అంటారా? దొరగారు తింటారా అంటారు. ఎదురుగా ఉండేవాణ్ణే ఇంగెవరినో అడిగినట్ల అడుగుతారు. అదే ఉస్తెద్!"

"చెప్పు, చెప్పు," అన్నాడాయన.

"మీది యాడ తాతా?" అని అడిగింది ఒకరోజు.

"చెప్పమ్మా, చెప్పు."

ఈయనకు మతి సరిగా లేదేమో అనుకుంది అర్పిత.

పరీక్షకు ముందురోజు నేను, నువ్వు, ఆయన, వాళ్ళు అన్నీ కలగాపులగమైపోయాయి. ఏ చివర ఎవరిదో తెలియడం లేదు. ముసలాయన మాత్రం ఆపలేదు.

"అర్థం కాలేదమ్మా. ఇంగోసారి..."

పక్క సీట్లవాళ్ళు నవ్వారు.

"ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదా మీకు? ఇంగ నన్ను వదిలేయండి తాతా!"

ఆయన కూడా నవ్వాడు.

"బాగా చెప్తా ఉండావమ్మా."

అర్పిత తర్వాతి స్టేషన్లో దిగి, వేరే పెట్టె ఎక్కేసింది.

మర్నాడు పరీక్ష పెట్టే ఆవిడ ఎదురుగా కూర్చుని ఉస్తెద్ గురించే అడిగింది. అర్పిత మాట తడబడలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పడం అప్పటికే అలవాటైపోయింది.

ఉద్యోగం నిలిచింది. షిఫ్టు మారింది. మళ్ళీ ఆ పొద్దుటి రైలు ఎక్కేసరికి రెండు నెలలు గడిచాయి.

ముసలాయన సీటులో ఒక పెద్దావిడ ఉంది.

"ఇక్కడ ఒక తాత కూర్చునేవాడు. గట్టిగా మాట్లాడతాడు..."

"ఆవులప్పా? మా ఇంటాయనే. పోయిన నెల చనిపోయినాడమ్మా. గని దుమ్ము ఊపిరిలో చేరిపోయింది. ఆయన చేసే తోటపనికి ఇప్పుడు నేను పోతా ఉండాను."

 పెద్దావిడ ఆమెను తేరిపార చూసింది.

"నువ్వేనా ఆ పాఠం పాప?"

"నా గురించి చెప్పినాడా?"

"దినమూ అదే మాట. ఒక పాప పెదాలు కదిలిస్తాది, ఎవరన్నా చూస్తే టక్కున మూసుకుంటాది, ఎదురుగా ఒకరు కూర్చుంటే భయం పోతాది అనేవాడు. పరీక్ష ఏమైందో అని శానా తల్లడిల్లినాడు."

"పాసైనానమ్మా." అర్పిత కళ్ళు తుడుచుకుంది. "నేనే ఓపిక పట్టలేకపోయినాను. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి అర్థం కాలేదు..."

పెద్దావిడ అయోమయంగా చూసింది.

"ఎట్ల అర్థమవుతాది తల్లీ, గనిలో రాళ్ళు పగలేసే తూటా పక్కనే పేలినప్పటినుంచీ ఆయనకి రెండు చెవులూ వినపడవు కదా."