బండికి ప్రాణం

“ఇందులో ప్రాణం లేదు సాయికుమార్ గారూ. లేనిది ఉందని చెప్పమంటే నా వల్ల కాదు,” అంది సాహితి, కారు దిగి తలుపు వేస్తూ.

అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో గాలికొండ దాటాక ఒక మలుపు దగ్గర, రోడ్డు వారగా ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. సాహితి విశాఖపట్నం అమ్మాయి. కొత్త కార్లు నడిపి చూసి, ఎలా ఉన్నాయో వీడియోల్లో చెబుతుంది. తనకి అనిపించనిది చెప్పదని ఆమెకి పేరు. సాయికుమార్ ఆ కారు వెంట వచ్చిన కంపెనీ మనిషి.

పొద్దున్నించీ ఇద్దరికీ ఇదే తగువు. కారు వేగం గురించి ఆమెకి పేచీ లేదు. కానీ స్టీరింగ్ పట్టుకుంటే కింద రోడ్డు ఎలా ఉందో చేతికి తెలియడం లేదంది. మలుపులో తను పొరపాటు చేసినా కారే చప్పుడు చేయకుండా సర్దేసుకుంటోందట. ఆఖరికి ఇంజను మోత కూడా సగం స్పీకర్లలోంచే వస్తోంది. తను నడుపుతోందో, అది తనని మోసుకుపోతోందో తెలియడం లేదంది.

సాయికుమార్ బతిమాలాడు. మిగతావన్నీ ఆమె ఇష్టం, మనసుని తాకే బండి అన్న ఒక్క మాట మాత్రం కావాలన్నాడు. కంపెనీలో చేరాక తనకి అప్పజెప్పిన మొదటి పని ఇదేనని, ఆ మాట లేకుండా వెనక్కి వెళ్తే ఇంకో పని ఇవ్వరని చెప్పాడు. సాహితికి జాలేసింది. అయినా తల అడ్డంగా ఊపింది. నిజానికి ఆమెకే వింతగా ఉంది. ఇంత బండి, ఇంత అందమైన ఘాట్ రోడ్డు, గుండె ఒక్కసారైనా ఎందుకు ఝల్లుమనలేదు?

అప్పుడే వెనక ఎవరో మూలిగినట్టయింది.

రోడ్డు పక్కన బుట్టలో సీతాఫలాలు పెట్టుకుని అమ్ముతున్న దేముడమ్మ అనే ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని ఒక పక్కకి ఒరిగిపోయింది. అరవై దాటిన మనిషి. సాహితి పరుగెత్తి పట్టుకుంది. ఏమైందని అడిగితే నోట మాట రావడం లేదు, గుండె చూపిస్తోంది. సాయికుమార్ ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. రోడ్డు మీద అటూ ఇటూ ఒక్క బండి లేదు.

కారులో ఉన్నవి రెండే సీట్లు. సాహితి ఇంకేమీ ఆలోచించలేదు. ఇద్దరూ కలిసి దేముడమ్మని ఎత్తి కూర్చోబెట్టి, బెల్టు బిగించారు. వెనకాల ఏదైనా జీపు పట్టుకుని రమ్మని సాయికుమార్‌కి చెప్పి, అరకు వైపు కారు ఉరికించింది.

ముందు రాత్రి వాన పడింది. కాఫీ తోటల్లోంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి మలుపుల్లో జారుతోంది. ఒకచోట వెనక చక్రాలు పక్కకి జరిగాయి. సాహితికి వెన్నులో జలదరించింది. స్టీరింగ్ కొంచెం తిప్పి పట్టుకుంది, కారు మళ్ళీ దారిలో పడింది. ఈసారి సర్దింది తనో కారో ఆమెకి తెలియలేదు, తెలుసుకునే తీరికా లేదు. పక్కన దేముడమ్మ కళ్ళు మూసుకుని, “బేగి పోనియ్యమ్మా, ఇంకా బేగి,” అంటోంది.

కాసేపటికి గాలాడట్లేదంది. సాహితి అద్దం దించింది. ముసలామె జుట్టు గాలికి చెదిరిపోయింది. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. సాహితి భయపడి, “అమ్మా, నా మాట వినిపిస్తోందా?” అని అడిగింది. దేముడమ్మ తల మాత్రం ఊపింది. ఎదురుగా లోయ విచ్చుకుంది. తిన్నటి రోడ్డు కనపడగానే సాహితి కాలు కిందికంటా నొక్కింది. కారు ఆమె మాట విన్నట్టే దూసుకుపోయింది. ఆ క్షణంలో ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

అరకు ఆసుపత్రిలో నర్సు నిర్మల దేముడమ్మని పడుకోబెట్టి బీపీ చూసింది, ఈసీజీ తీసింది. డాక్టరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతా బాగానే ఉంది, కంగారు పడాల్సిందేమీ లేదు, కాసేపు పడుకోనిమ్మన్నాడు.

సాహితి బయటికొచ్చి కారుకి ఆనుకుని నిలబడింది. అంతలో జనంతో కిక్కిరిసిన జీపు వెనక వేలాడుతూ వచ్చి సాయికుమార్ దిగాడు. ఒక చేత్తో దేముడమ్మ సీతాఫలాల బుట్ట పట్టుకుని ఉన్నాడు. ఆమె ఎలా ఉందని అడిగాడు. బాగుందని తెలిశాక అలాగే నేల మీద కూలబడ్డాడు.

“కెమెరా తియ్యండి,” అంది సాహితి.

ఎర్రమట్టి కొట్టుకున్న కారు పక్కన నిలబడి, పొద్దున్నించీ తను ఈ బండిని తప్పుగా అంచనా వేశానని చెప్పింది. ఒక మనిషి కోసం పరుగెత్తాల్సి వచ్చినప్పుడు ఇది తన కాళ్ళూ చేతులూ అయిపోయిందని, ఇలా ఏ కారులోనూ అనిపించలేదని చెప్పింది. సాయికుమార్ కెమెరా దించి కళ్ళు తుడుచుకున్నాడు.

వెళ్ళేముందు దేముడమ్మకి చెప్పి వెళ్దామని సాహితి లోపలికి వెళ్ళింది. దేముడమ్మ మంచం మీద లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది. సాహితి పక్కన కూర్చుని, నొప్పి తగ్గిందా అని అడిగింది. దేముడమ్మ నర్సు వైపు ఒకసారి చూసి, సాహితి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“నొప్పేటీ లేదమ్మా. ఇలాటి బండెక్కితే ఎలగుంటాదో సూద్దారనిపించింది. ఊరికే అడిగితే నన్నెక్కించుకుంటారేటి?”