ఉమ్మడి గోడ

గోడ అవతల మళ్ళీ టకటకమని చప్పుడు మొదలైంది.

అప్పుడే కళ్ళు మూసిన పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది.

“ఆ ముసిల్ది గోడ తొలుస్తున్నట్టుంది అత్తా,” అంది రేణుక.

“తొలవనీ. మిద్దె నెత్తిన పడితే అందరికీ ఒకేసారి పీడ పోతుంది,” అంది శేషమ్మ పొయ్యి ఊదుతూ.

గిద్దలూరుకు దగ్గర్లోని పల్లెలో వాళ్ళది రెండు గదుల పాత మిద్దె. ముందు గదిలో మామ యల్లయ్య, అత్త శేషమ్మ, వాళ్ళ మంచాల కింద గొర్రెపిల్లలు. వెనక గదిలో పొయ్యి, బియ్యం డబ్బాలు, వాటి మధ్యనే రేణుక, మొగుడు మోహన్‌కృష్ణ, చంటిపాప. రెండు గదులకూ మధ్య తలుపు లేదు. పాత చీర ఒకటి అడ్డంగా కట్టారు.

పెళ్ళయినప్పటి నుంచీ రేణుక మొగుడితో గుసగుసగానే మాట్లాడింది. ఆ గుసగుసకు కూడా ముందు గదిలో మామ దగ్గేవాడు.

“నాకు మేడలొద్దు. లోపల్నుంచి గొళ్ళెం పెట్టుకునే గది ఒకటి చాలు,” అని గోడకు తల ఆనించి ఎన్నోసార్లు ఏడ్చింది.

మోహన్‌కృష్ణ మాత్రం ఏం చేస్తాడు? ఇల్లు పెంచుదామంటే ముందు రోడ్డు, వెనక ఇంకొకరి ఇల్లు, కుడివైపు మురుగు కాలువ. పైన కడితే ఆ పాత గోడలు మోయవు. ఎడమవైపు గురమ్మ ఇల్లు, రెండిళ్ళకూ కలిపి ఒకటే రాతి గోడ. పోనీ గిద్దలూరు పోదామంటే, గొర్రెల్ని వదిలి రానని యల్లయ్య మొండికేశాడు.

రేణుకకు ఊపిరాడేది కాదు. ఈ బాధ బయట చెప్పుకోవాలన్నా సిగ్గే.

గురమ్మ గురించి ఊళ్ళో ఎవరికీ పెద్దగా తెలియదు. పామూరు వైపు కాపురం చేసి, మొగుడు పోయాక, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న పుట్టింటికి వచ్చి ఒక్కతే ఉంటోంది. పిల్లల్లేరు. ఎవరింటికీ పోదు.

అలాంటి మనిషి ఒకరోజు కుళాయి దగ్గర రేణుకను ఆపింది.

“పాప రాత్రంతా ఏడ్చిందే. ఉక్కకేమోమ్మా.”

రేణుకకు ఒళ్ళు మండింది. పాప ఏడుపు వినబడిందంటే, తన ఏడుపూ వినబడే ఉంటుంది.

“నీకు నిద్ర చెడిందా అవ్వా?”

“అట్ల కాదులే. మీ పక్క ఆ గోడకు బీరువా ఏమన్నా పెట్టినారా?”

“మా ఇంట్లో ఏముంటే నీకేంది?”

గురమ్మ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఈ చప్పుడు మొదలైంది. ఎజ్రా అనే మేస్త్రి పొద్దున్నే వచ్చి, సాయంత్రం దాకా గోడ కొట్టి పోతున్నాడు.

యల్లయ్య ఇక ఆగలేక గురమ్మ వాకిట్లో నిలబడి కేకలేశాడు.

“ఉమ్మడి గోడ అది. నీ ఒక్కదానిదే కాదు. రేపు కూలితే మా మిద్దె మా నెత్తిన పడతాది.”

“కూలదు నాయనా. మీ పక్క రాయి ఒక్కటి గూడా కదలనియ్యను. కొంచెం ఓర్చుకోండి,” అంది గురమ్మ.

చప్పుడు ఆగిన మర్నాడు ఆమే వీళ్ళ వాకిట్లోకి వచ్చింది. చేతిలో పసుపు గిన్నె ఉంది.

“గుమ్మం నిలబెట్టించినానమ్మా. మొగుడు పోయినదాన్ని, కొత్త గడపకు నేను పసుపు పెట్టకూడదు. నువ్వొచ్చి పెట్టు.”

“ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?”

“నువ్వే పెట్టాల. వచ్చి చూస్తే నీకే తెలుస్తాది.”

రేణుక ఆ గిన్నె వైపు చూసింది. ఒంటరి ముసలిదానికి ఇంకో గుమ్మం కావలసి వచ్చింది. తనకేమో తలుపు బదులు చిరిగిన చీర.

“మా గోడ తొలిచి నువ్వు ఇల్లు బాగుచేసుకుంటే, నేనొచ్చి పసుపు పెట్టాల్నా? పో అవ్వా.”

గురమ్మ ఏదో చెప్పబోయింది. శేషమ్మ వచ్చి తలుపు వేసేసింది.

గోడ కూలుతుందన్న భయంతోనే చివరికి యల్లయ్య దిగొచ్చాడు. గొర్రెల్ని అమ్మేశారు. ఇల్లు కూడా, వరిగడ్డి వేసుకుంటానన్న ఒక రైతుకు అమ్మేసి, గిద్దలూరులో రైలు పట్టాల పక్కన అద్దెకు దిగారు. అక్కడా రెండే గదులు. వాటి మధ్యా తలుపు లేదు. రేణుక అదే చీర కట్టింది. రైలు పోయినప్పుడల్లా యల్లయ్య, మంద ఇంటికొచ్చిందేమోనని లేచి కూర్చునేవాడు.

ఎండాకాలం ముగిసేలోపే గురమ్మ పోయిందని కబురు వచ్చింది.

ఇరుగుపొరుగు వాళ్ళం, పోకపోతే బాగుండదని అత్తాకోడళ్ళు వెళ్ళారు. వాకిట్లో శవం చుట్టూ నలుగురైదుగురే ఉన్నారు. మంచినీళ్ళ కోసం రేణుక లోపలికి వెళ్ళింది. ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

వంటింట్లో ఒక మూల గురమ్మ మంచం, రేకు పెట్టె, బట్టల మూట ఉన్నాయి. పక్కనున్న పెద్ద గదిలో ఒక్క సామానూ లేదు. కొత్తగా సున్నం కొట్టి ఉంది. ఉమ్మడి గోడకు తలుపు కనిపించింది.

రేణుక తలుపు లాగింది. అవతల దారి లేదు. వరసగా రాళ్ళు అడ్డం ఉన్నాయి. ఆ రాళ్ళకు అవతలి వైపునే తను తల ఆనించి ఏడ్చేది.

నీళ్ళకు వచ్చిన ఎజ్రా గడప దగ్గర ఆగాడు.

“ఈ తలుపు ఎక్కడికి, అన్నా?” అని అడిగింది రేణుక.

“మీ ఇంట్లోకేమ్మా. గడపకు పసుపు పెట్టినాక ఆ రాళ్ళు తీయమనింది. ముందే చెప్పొద్దు, ఆ పిల్లకు ఈ గది నేనే చూపిస్తానన్నది.”

రేణుక తలుపు పట్టుకుంది.

కింద కొత్త గడప పసుపు లేకుండా బోసిగా ఉంది. తను పట్టుకున్న తలుపుకు లోపలివైపు, తన చేతికి అందే ఎత్తులో, కొత్త గొళ్ళెం బిగించి ఉంది.